విమానాశ్రయానికి పూచీ ఎవరిది?

(గల్ఫ్ వలసలో కన్నుమూసిన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల బిడ్డల స్మృతిలో కోరుట్లలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



స్మారకోపన్యాసానికి సాధారణంగా ఒక పేరుంటుంది. ఒక నాయకుడిదో, కవిదో, గురువుదో. ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతున్నదో వాళ్ల పేర్లన్నీ చదవాలంటే ఈ పూట చాలదు. దుబాయిలో కట్టడాల మీది నుంచి పడిపోయినవాళ్లు, రియాద్ రోడ్ల మీద ప్రాణం విడిచినవాళ్లు, మస్కట్ ఎండలో పొద్దంతా పనిచేసి రాత్రి క్యాంపులో పడుకుని తెల్లారి లేవనివాళ్లు, అప్పుకు మిత్తి పెరుగుతుంటే తట్టుకోలేక ఉసురు తీసుకున్నవాళ్లు. వాళ్లలో చాలామంది పుట్టిన ఊళ్లు ఇక్కడికి గంట, గంటన్నర దూరంలోనే ఉన్నాయి. వాళ్ల ఇంటివాళ్లు ఈ సభలోనే ఉన్నారు. వాళ్లందరికీ తలవంచి నా మాటలు మొదలుపెడుతున్నాను.

నిర్వాహకులు నన్ను వలస గురించి మాట్లాడమన్నారు. నేను చిన్న విమానాశ్రయాల గురించి మాట్లాడతానన్నాను. ఏజెంట్ల మోసాలు, పని చూపించని ఆజాద్ వీసాలు, కాగితాలు లేని కల్లివెల్లి బతుకులు, పరాయి దేశపు జైళ్లు ఇన్ని ఉండగా విమానాశ్రయం ముచ్చట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కారణం ఉంది. దేశంలో చాలాచోట్ల విమానం ఉన్నోళ్ల వాహనం. మన దిక్కు అది కూలికి పోయేవాళ్ల వాహనం. ఐదు పదులు దాటిన వ్యవసాయ కూలీ, రైలెక్కకముందే విమానం ఎక్కినవాడు, మన ఊళ్లలో కనిపిస్తాడు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని పాత కరీంనగర్ జిల్లా బతుకును మూడు మాటల్లో చెప్పుకుంటాం. మూడో మాటకు విమానం తప్ప వేరే దారి లేదు. అయినా ఆ మూడో మాట పుట్టిన ఈ నేల మీద ప్రయాణికుల విమానం దిగే చోటు ఇవాళ లేదు.

జగిత్యాల నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి రెండు వందల కిలోమీటర్ల పైనే. కోరుట్ల, మెట్‌పల్లి నుంచి ఇంకొంత ఎక్కువ. సిరిసిల్ల వాళ్లు సిద్దిపేట మీదుగా పోయినా నగరాన్ని చుట్టి ఆ చివరకు చేరాలి. పోయేటప్పుడు ఇంటిల్లిపాదీ కారు మాట్లాడుకుని సాగనంపుతారు. విమానం తెల్లవారుజామున అయితే ముందటి రాత్రే బయలుదేరాలి. శవపేటికలో తిరిగొచ్చేటప్పుడు కూడా అదే దారి. కార్గో దగ్గర కాగితాలు పూర్తయ్యేదాకా ఎదురుచూపు, తర్వాత అంబులెన్సులో మరో నాలుగైదు గంటలు. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు ఐదు లక్షల రూపాయలు ఇవ్వాలని 2024లో తెలంగాణ ప్రభుత్వం నిర్ణయించింది. ఏళ్ల తరబడి అడిగితే వచ్చిన నిర్ణయం అది. అడిగితే వస్తుందని అది మనకు నేర్పింది. ఈ ప్రయాణం బరువు తగ్గించమని కూడా అడగాలని నేనంటున్నాను. అయితే ఏం అడగాలో, ఎట్లా అడగాలో తెలిసి అడగాలి. ఎందుకంటే విమానాశ్రయం రాకపోవడం ఒక్కటే ఈ ప్రాంతపు కథ కాదు. వచ్చినవి నిలవకపోవడం అసలు కథ.

మామునూరు, బసంత్‌నగర్

వరంగల్ పక్కన మామునూరులో విమానాశ్రయం కట్టింది 1930లో, చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో. ఆనాడు దానికి 1,875 ఎకరాలు, రెండు రన్‌వేలు. వరంగల్‌లో ఆజంజాహి మిల్లు, కాగజ్‌నగర్‌లో కాగితం మిల్లు లేస్తున్న కాలం. హైదరాబాద్ సంస్థానం 1945లో టాటాలతో కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ అనే సొంత విమాన సంస్థనే పెట్టుకుంది. 1953లో విమాన సంస్థలు జాతీయమైనప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 1962 చైనా యుద్ధ సమయంలో ఢిల్లీకి ప్రమాదం ఉందని ప్రభుత్వ విమానాలను మామునూరులో ఉంచారు. అంతటి విమానాశ్రయం 1981 తర్వాత పనిచేయలేదు.

మూతపడిన విమానాశ్రయం ఎప్పుడు కావాలంటే అప్పుడు తెరుచుకోదు. మామునూరు దగ్గర ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతిలో మిగిలింది 696 ఎకరాలే. మిగతా జాగ వేరే అవసరాలకు పోయింది. ఇవాళ పెద్ద విమానాలు దిగాలంటే మళ్లీ 253 ఎకరాలు కావాల్సి వచ్చాయి. దానికి రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో 205 కోట్ల రూపాయలు విడుదల చేయాల్సి వచ్చింది. ఒకప్పుడు చేతిలో ఉన్న భూమికి బదులు, ఇప్పుడు గాడిపల్లి, నక్కలపల్లి, గుంటూరుపల్లి రైతుల పొలాలు తీసుకోవాల్సి వచ్చింది. ఒక తరం నిర్లక్ష్యానికి మూల్యం రెండు తరాల తర్వాత ఒక రైతు చెల్లిస్తున్నాడు.

ఇక మనకు దగ్గరిది బసంత్‌నగర్. పెద్దపల్లి జిల్లాలో, రామగుండం ముంగిట. 1969లో ఉత్పత్తి మొదలుపెట్టిన కేశోరామ్ సిమెంట్ ఫ్యాక్టరీ తన అవసరానికి అక్కడ రన్‌వే వేసుకుంది. తర్వాత ఆ చుట్టుపక్కల ఎన్‌టీపీసీ వచ్చింది, ఎరువుల కర్మాగారం వచ్చింది, సింగరేణి విస్తరించింది. 1980లలో వాయుదూత్ సంస్థ హైదరాబాద్ నుంచి రామగుండానికి చిన్న విమానాలు నడిపింది. పందొమ్మిది మంది పట్టే డోర్నియర్ విమానాలతో దేశంలోని చిన్న పట్టణాలను కలపడమే ఆ సంస్థ పని. 1981 జనవరిలో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిసి దాన్ని స్థాపించాయి. మొదట ఈశాన్య రాష్ట్రాల కోసం అనుకున్నారు. తర్వాత దేశమంతటికీ పాకింది. నష్టాలూ పెరిగాయి. 1993లో దాన్ని ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేశారు. అప్పటికే దాని విమానాలు ఒక్కో ఊరినీ వదులుకుంటూ వచ్చాయి. రామగుండం కూడా అట్లా వదిలేసిన ఊళ్లలో చేరింది.

మరుసటి ఏడాది, 1994లో, ప్రైవేటు విమాన సంస్థలకు చట్టపరంగా తలుపులు తెరిచారు. లాభసాటి దారుల్లో తిరిగేవాళ్లు ఈశాన్యం, కశ్మీర్, అండమాన్, లక్షద్వీప్ లాంటి చోట్లకూ కొంత మేర విమానాలు నడపాలని నియమం పెట్టారు. మంచి నియమమే. కానీ దక్కన్ నడిబొడ్డున ఉన్న మనలాంటి ప్రాంతానికి అందులో చోటు లేదు. మనది సరిహద్దు కాదు, కొండ కాదు, దీవి కాదు. కాబట్టి మన దూరం ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఈ రెండు రన్‌వేలనూ కలిపి చూస్తే ఒక సంగతి తేటగా కనిపిస్తుంది. ఒకటి సంస్థానం అవసరానికి పుట్టింది. ఇంకొకటి ఫ్యాక్టరీ అవసరానికి పుట్టి, కొన్నేళ్లు కేంద్ర సంస్థ దయ మీద నడిచింది. సంస్థానం పోయింది, మిల్లుల వైభవం పోయింది, వాయుదూత్ పోయింది. వాళ్ల అవసరం తీరిన నాడు రన్‌వే అనాథ అయింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి వేలమంది గల్ఫ్ బాట పట్టింది సరిగ్గా ఆ కాలంలోనే. ఎక్కువమంది విమానం ఎక్కాల్సి వచ్చిన రోజుల్లోనే చుట్టుపక్కల విమానాలు ఆగిపోయాయి. మొదటి తరం వాళ్లు బస్సుల్లో, రైళ్లలో బొంబాయి పోయి అక్కడ ఏజెంటు గదుల్లో రోజుల తరబడి పడుకుని విమానం ఎక్కారు. వాళ్లకు ఆ రన్‌వేల మీద ఏ హక్కూ లేదు, వాటిని కాపాడమని అడగాలన్న ఆలోచన రావడానికి వీలూ లేదు.

తెరవడం, నిలపడం

మన పెద్దలు చెరువు తవ్వి ఊరుకోలేదు. నీరటికాణ్ణి పెట్టారు. తూము ఎప్పుడు ఎత్తాలో, కట్టకు ఎక్కడ బుంగ పడిందో చూసుకునేది అతను. పంటలో అతని వాటా, అంటే మేర, అతనికి ఇచ్చారు. ఆ మేర ఆగిన ఊళ్లలో చెరువులు ఏమయ్యాయో మనకు తెలుసు. విమానాశ్రయం విషయంలో మనం శంకుస్థాపన గురించి తప్ప ఈ మేర గురించి ఎన్నడూ అడగలేదు.

చిన్న విమానాశ్రయం ఎందుకు మూతపడుతుందో దాని ఖర్చులోనే ఉంది. రోజుకు ఒక్క విమానం దిగినా పది దిగినా రన్‌వే అంతే పొడవుండాలి. మంటలార్పే బండ్లు, వాటి సిబ్బంది సిద్ధంగా ఉండాలి. విమానాలకు దారి చెప్పేవాళ్లు, వాతావరణం చూసేవాళ్లు, భద్రతా సిబ్బంది ఉండాలి. దిగే విమానం ఎంత పెద్దదైతే అగ్నిమాపక ఏర్పాటు అంత పెద్దది కావాలి. పెద్ద విమానాశ్రయంలో ఈ ఖర్చు లక్షల మంది మీద పరుచుకుంటుంది. చిన్నదానిలో డెబ్బై మంది మీద పడుతుంది. విమాన సంస్థకేమో నష్టం వచ్చిన దారిలో విమానం ఆపి, ఇంకో దారికి మళ్లించడం ఒక్క రోజు పని. విమానం కదులుతుంది, విమానాశ్రయం కదలదు. ఈ తేడాను ఎవరో ఒకరు భరించాలి. ఎవరూ భరించకపోతే గడ్డి మొలుస్తుంది.

ఇతర దేశాలు దీన్ని గుర్తించాయి. అమెరికా 1978లో విమానయానం మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేసినప్పుడే, చిన్న పట్టణాలకు విమానాలు ఆగిపోతాయని ఊహించి, ఆ సేవలకు ప్రభుత్వ ఖజానా నుంచి డబ్బు ఇచ్చే పథకాన్ని అదే చట్టంలో పెట్టింది. ఇన్ని దశాబ్దాల తర్వాత ఇంకా నడుస్తున్నది. మన దేశం ఆ పని 2016లో ఉడాన్ పథకంతో మొదలుపెట్టింది. 2017 ఏప్రిల్ 27న తొలి విమానాలు ఎగిరాయి. సిమ్లా నుంచి ఢిల్లీకి ఒకటి, కడప నుంచి హైదరాబాద్‌కు ఒకటి, నాందేడ్ నుంచి హైదరాబాద్‌కు ఒకటి. అప్పట్లో సగం సీట్లకు గంట ప్రయాణానికి 2,500 రూపాయల పరిమితి. విమాన సంస్థకు వచ్చే లోటును మూడేళ్లపాటు ప్రభుత్వం పూడ్చాలన్నారు. అందులో ఇరవై శాతం రాష్ట్రం వాటా.

ఆలోచన మంచిది. మూడేళ్ల గడువు దగ్గర అది తడబడింది. కాగ్ సంస్థ 2023లో పార్లమెంటుకు ఇచ్చిన నివేదిక చదివితే మనసు కలుక్కుమంటుంది. మొదటి మూడు విడతల్లో కేటాయించిన దారులు 774. అందులో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లూ పూర్తి చేసుకున్నవి 112. సాయం ఆగాక కూడా, 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54. అంటే కేటాయించిన వందలో ఏడు. ఈ అంకెలు చూసి చిన్న ఊళ్లకు విమానం దండగ అనేవాళ్లున్నారు. నాకు వేరే పాఠం కనిపిస్తుంది. మూడేళ్లు నీళ్లు పోసి నాలుగో ఏడు ఆపేస్తే ఏ మొక్కా చెట్టు కాదు. రోడ్డుకు మూడేళ్లలో లాభం చూపించమని మనం అడగలేదు. పెద్దపల్లి నుంచి కరీంనగర్, జగిత్యాల మీదుగా నిజామాబాద్ రైలు మార్గాన్ని తీసుకోండి. 1993లో ప్రధానిగా పీవీ నరసింహారావు గారు శంకుస్థాపన చేశారు. చివరి ముక్క పూర్తయి రైలు నిజామాబాద్ చేరింది 2017లో. ఇరవై నాలుగేళ్లు. ఆ మార్గం లాభమా నష్టమా అని ఇవాళ ఎవరైనా అడుగుతున్నారా?

తెలుగు నేల మీదే రెండు ఉదాహరణలు చూడండి. కడప విమానాశ్రయం 2015 జూన్‌లో మొదలైంది. అక్కడికి విమానాలు నడిపిన ట్రూజెట్ 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది. విమానాశ్రయం మూతపడలేదు, ఎందుకంటే రాష్ట్ర ప్రభుత్వం లోటు భర్తీకి ఒప్పందం చేసుకుని, రెండు నెలలు తిరిగేలోపే ఇండిగోను తెచ్చింది. పూచీ ఉంది, విమానం నిలిచింది. రెండోది విజయవాడ. 2018 డిసెంబరులో సింగపూర్‌కు నేరు విమానం మొదలైంది. లోటును రాష్ట్రం భరిస్తానంది. 2019లో ప్రభుత్వం మారింది, ఒప్పందం కొనసాగలేదు, విమానం ఆగిపోయింది. పూచీ పోయింది, విమానం పోయింది. ప్రభుత్వాలు మారినా చెక్కుచెదరని పూచీ ఉండాలన్న సంగతి ఈ రెండూ పక్కపక్కన పెడితే అర్థమవుతుంది.

నూట యాభై కిలోమీటర్ల గీత

మనకు విమానాశ్రయం ఎందుకు లేదని అడిగినప్పుడల్లా ఒక జవాబు వినిపిస్తుంది. శంషాబాద్ ఒప్పందం అడ్డమని. 2004 డిసెంబరు 20న కేంద్రం, హైదరాబాద్ విమానాశ్రయ సంస్థ కుదుర్చుకున్న ఒప్పందంలో, శంషాబాద్‌కు ఆకాశమార్గాన 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకుండా ఇరవై ఐదేళ్ల రక్షణ రాసుకున్నారు. 2008 మార్చిలో శంషాబాద్ తెరుచుకుంది కాబట్టి ఆ గడువు 2033 దాకా ఉంటుంది. కోట్లు పెట్టేవాళ్లు కొంత భరోసా అడగడంలో తప్పులేదు. కానీ ఆ భరోసా బరువు ఎవరి మీద పడిందో చూడాలి. మామునూరు ఆ గీతకు లోపల కొన్ని కిలోమీటర్ల తేడాతో చిక్కుకుంది. ఆ కొన్ని కిలోమీటర్లకు ఏళ్లు గడిచాయి. చివరకు ఆ విమానాశ్రయ సంస్థ అభ్యంతరం లేదని చెప్పాక, 2025 ఫిబ్రవరి 28న కేంద్రం మామునూరుకు అనుమతి ఇచ్చింది.  

మనం తెలుసుకోవాల్సింది ఏమిటంటే, బసంత్‌నగర్ ఆ గీత దాటి చాలా దూరంలో ఉంది. మ్యాపు మీద కొలిస్తే శంషాబాద్ నుంచి ఆకాశమార్గాన దాదాపు 190 కిలోమీటర్లు. నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లి దగ్గర ప్రతిపాదించిన స్థలం కూడా గీతకు అవతలే. అంటే మన ఈ రెండింటికీ ఆ ఒప్పందం సాకుగా పనికిరాదు. రాష్ట్రం ఆరు చోట్ల విమానాశ్రయాలు ప్రతిపాదించింది. మామునూరు, బసంత్‌నగర్, జక్రాన్‌పల్లి, ఆదిలాబాద్, భద్రాద్రి కొత్తగూడెం, మహబూబ్‌నగర్. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వచ్చి చూసింది, నివేదికలు రాసింది. బసంత్‌నగర్ దగ్గర అడ్డంకులున్నాయన్నారు. దగ్గర్లోని అంతర్గాం వైపు చూస్తున్నారు. ఆదిలాబాద్‌లో వైమానిక దళం జాగాలో ఉమ్మడి వాడకానికి 2025లో రక్షణ శాఖ ఒప్పుకుంది. జక్రాన్‌పల్లి మాత్రం ఎన్నికలప్పుడు గుర్తొచ్చి, ఎన్నికలయ్యాక మరుగునపడే పేరుగా ఉండిపోయింది. కోరుట్ల నుంచి ఆర్మూర్ మీదుగా 63వ నెంబరు జాతీయ రహదారి పట్టుకుంటే అదే మనకు అన్నిటికన్నా దగ్గర.

కేరళ చెప్పే పాఠం

గల్ఫ్ చెమటతో నిలబడ్డ విమానాశ్రయాలు చూడాలంటే కేరళ పోవాలి. కోళికోడ్ దగ్గర కరిపూర్ విమానాశ్రయం 1988 ఏప్రిల్ 13న తెరుచుకుంది. దాన్ని తెచ్చుకున్నదీ, పెంచుకున్నదీ, కాపాడుకుంటున్నదీ మలబార్ వలస కుటుంబాలు. 2015లో రన్‌వే మరమ్మతుల పేరుతో పెద్ద విమానాలు ఆపేశారు. హజ్ యాత్రికుల విమానాలు కొచ్చికి తరలిపోయాయి. మలబార్ ఊరుకోలేదు. 2018 డిసెంబరులో పెద్ద విమానం మళ్లీ దిగింది, 2019లో హజ్ విమానాలు తిరిగొచ్చాయి. 2020 ఆగస్టు 7న, కరోనా రోజుల్లో, దుబాయి నుంచి వలస కుటుంబాలను తెస్తున్న విమానం వర్షంలో రన్‌వే దాటి లోయలో పడింది. 21 మంది చనిపోయారు. ఆ రాత్రి సాయానికి ముందు చేరింది కరోనా భయాన్ని లెక్కచేయని చుట్టుపక్కల ఊళ్ల జనం. పెద్ద విమానాలు మళ్లీ ఆగాయి. రన్‌వే చివర భద్రతకు జాగ ఇవ్వకపోతే రన్‌వేనే కుదిస్తామన్నారు. పద్నాలుగున్నర ఎకరాలు సేకరించి రాష్ట్రం అప్పగించింది. అక్కడ విమానాశ్రయం గురించిన ప్రతి నిర్ణయానికీ జవాబు అడిగే జనం ఉన్నారు.

కొచ్చి ఇంకో రకం. 1999 మే 25న ప్రారంభమైన ఆ విమానాశ్రయంలో ఎన్నో దేశాల్లోని వేలమంది ప్రవాసులు వాటాదారులు. పైసలు పంపినవాళ్లూ యజమానులయ్యారు.

కేరళలో హెచ్చరిక కూడా ఉంది. కన్నూర్‌లో మూడు కిలోమీటర్ల రన్‌వేతో 2018 డిసెంబరు 9న గొప్ప విమానాశ్రయం తెరిచారు. గల్ఫ్ ప్రయాణికులకు కొదవలేదు. కానీ విదేశీ సంస్థల విమానాలు అక్కడ దిగడానికి కేంద్రం అనుమతి ఇవ్వలేదు. 2023 మేలో గో ఫస్ట్ సంస్థ ఆగిపోయేసరికి కన్నూర్ కుదేలైంది. రన్‌వే ఉంది, జనం ఉన్నారు, అనుమతి లేదు. కట్టడంతో పని అయిపోదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

సూటిగా కొన్ని మాటలు

ఇక్కడ మనతో మనం నిజాయితీగా ఉండాలి. అన్ని ఊళ్లకూ విమానాశ్రయం రాదు, రావాల్సిన పనీ లేదు. సిరిసిల్ల మరమగ్గాల బట్ట లారీల మీద, రేపు రైలు మీద పోతుంది. సిరిసిల్ల అన్నలకు అన్నిటికన్నా ముందు కావాల్సింది మనోహరాబాద్–కొత్తపల్లి రైలు. 2016 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది. 2023 అక్టోబరులో సిద్దిపేటకు రైలొచ్చింది. ఆ పట్టాలు సిరిసిల్ల, వేములవాడ దాటి కొత్తపల్లిలో కలవాలి. జగిత్యాల మామిడి చల్‌గల్ మార్కెట్ నుంచి లారీల్లో ఉత్తరాదికి పోతుంది. మెట్‌పల్లి పసుపుకు విమానంతో పనిలేదు. సరుకు పేరు చెప్పి విమానాశ్రయం అడిగితే ఆ వాదన నిలవదు. మన వాదన మనుషుల వాదన. గల్ఫ్‌కు పోయే, వచ్చే మనుషులు. ఆ లెక్క ఒక్కటే గట్టిది.

అట్లాగే, హైదరాబాద్‌కు రోజుకో చిన్న విమానం నడిపితే మనకు ఒరిగేది తక్కువ. కోరుట్ల నుంచి నాలుగు గంటల్లో కారులో చేరే చోటికి, గంట ముందు విమానాశ్రయం చేరుకుని అరగంట ఎగరడం కోసం ఎవరు టికెట్ కొంటారు? ఆరు నెలలు చూసి, జనం ఎక్కడం లేదని ఆపేస్తారు. వాయుదూత్ కథ మళ్లీ జరుగుతుంది. మనకు కావాల్సింది దుబాయి, మస్కట్, దోహా, దమ్మామ్ దాకా పోగల విమానం దిగే రన్‌వే, దాని పక్కన ఇమిగ్రేషన్, కస్టమ్స్ కిటికీలు. ఇది మొదటే నిర్ణయించుకోవాలి. డెబ్బై సీట్ల విమానానికి రన్‌వే వేసి, తర్వాత భూమి సేకరించి పొడిగిద్దామంటే మామునూరులో ఏమయిందో చూశాం.

భూమి సంగతి కూడా దాచకూడదు. మన కష్టం తీరడానికి ఇంకో రైతు కష్టపడకూడదు. జక్రాన్‌పల్లి దగ్గరైనా అంతర్గాం దగ్గరైనా పొలం ఇచ్చేవాడికి మార్కెట్ ధర, ఇంటికో పని, విమానాశ్రయంలో వాటా ముందే రాతపూర్వకంగా ఇవ్వాలి. గల్ఫ్ ఎందుకు పోయామో మనకు తెలుసు. పొలం నిలవక పోయాం. పొలం పోగొట్టి ఇంకొకణ్ణి వలస పంపే విమానాశ్రయం మనకు వద్దు.

ఏం అడగాలి

కేంద్రం 2025 బడ్జెట్‌లో ఉడాన్‌ను మార్చి, పదేళ్లలో 120 కొత్త గమ్యాలకు విమానాలు నడుపుతామంది. ఆ పదేళ్లు ఇప్పుడు నడుస్తున్నాయి. మనం అడగాల్సినవి నాలుగు.

ఒకటి, స్థలం తేల్చాలి. ఉత్తర తెలంగాణలో ఇన్ని పేర్లు తిప్పడం ఆపి, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ జిల్లాల గల్ఫ్ ప్రయాణికులు ఎక్కడి నుంచి ఎంతమంది పోతున్నారో పాస్‌పోర్టు, ఇమిగ్రేషన్ లెక్కలతో బయటపెట్టి, ఆ లెక్క మీద స్థలం నిర్ణయించాలి. ఆ లెక్క ప్రభుత్వం దగ్గర ఉంది. రాజకీయ నాయకుల ఊరు లెక్క కాకూడదు.

రెండు, పూచీ రాయాలి. మూడేళ్లు కాదు, కనీసం పదేళ్లు లోటు భర్తీ చేస్తామని రాష్ట్రం శాసనసభలో చట్టంగా చేయాలి. ప్రభుత్వం మారితే విమానం ఆగకూడదు.

మూడు, గల్ఫ్ అనుమతి మొదటి రోజు నుంచే ఉండాలి. ఇమిగ్రేషన్ తనిఖీ కేంద్రం, విదేశీ సంస్థలకు దిగే హక్కు విమానాశ్రయం ప్రణాళికలో భాగం కావాలి. కన్నూర్‌లా తర్వాత చూద్దాం అనొద్దు.

నాలుగు, వలస కుటుంబాలకు వాటా ఇవ్వాలి. కొచ్చిలో సాధ్యమైంది కోరుట్లలో ఎందుకు సాధ్యం కాదు? నెల జీతంలోంచి చిట్టీలు వేసుకుని ఊళ్లలో గుళ్లు కట్టించినవాళ్లు, బడులు బాగుచేసినవాళ్లు మన గల్ఫ్ అన్నలు. చిన్న చిన్న వాటాలు అమ్మితే కొంటారు. వాటా ఉంటే పాలకమండలిలో ఒక కుర్చీ ఉంటుంది. ఆ కుర్చీలో కూర్చున్నవాడు విమానం ఆపేద్దామన్న రోజున లేచి నిలబడతాడు. మామునూరుకు 1981లో, రామగుండానికి వాయుదూత్ పోయిన రోజున, అట్లా లేచి నిలబడేవాడు ఒక్కడు లేకపోయాడు.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. విమానాశ్రయాన్ని రన్‌వే నిలపదు, శంకుస్థాపన నిలపదు. నష్టం వచ్చిన ఏడాది కూడా ఇది మాది, దీన్ని మూయనివ్వం అని చెప్పే జనం నిలుపుతారు. గల్ఫ్‌లో ప్రాణాలు విడిచిన మన బిడ్డలు పంపిన పైసలతోనే ఈ మూడు పట్టణాల్లో ఇళ్లు లేచాయి, పిల్లలు చదివారు, ఆడబిడ్డల పెళ్లిళ్లయ్యాయి. వాళ్లకు మనం బాకీ ఉన్నాం. వచ్చే అసెంబ్లీ సమావేశాల్లోపు ఈ నాలుగు కోరికలతో ఒక వినతిపత్రం రాసి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, వేములవాడ, ధర్మపురి ఎమ్మెల్యేల చేత, మన పార్లమెంటు సభ్యుల చేత, పార్టీ ఏదైనా, సంతకాలు పెట్టిద్దాం. ఆ పత్రం మీద మొదటి సంతకాలు ఈ సభలో కూర్చున్న అమ్మలవి, అక్కలవి కావాలి. ఈ సభ నుంచి ఇంటికి పోయేముందు ఆ పని మొదలుపెడదాం.